తుండుగుడ్డ మాటున బేరము

పశువుల సంతలో ఎద్దుల బేరము నోటితో జరుగదు. అమ్మువాని కుడిచేయియు కొనువాని కుడిచేయియు ఒకే తుండుగుడ్డ క్రింద కలిసికొని, వ్రేళ్లే వందలును వేలునై, చుట్టును నిలిచిన పదిమందికి ఒక్క అంకెయైనను తెలియకుండ, కనుబొమ్మల కదలికతోను తల యడ్డముగా నూపుటతోను సాగి సాగి, కడపట ఆ గుడ్డను దులిపి భుజముపై వైచుకొనుటతో ముగియును. నా చిన్ననాట తెనాలిలో ఒక పాత ఫియట్ కారు చేతులు మారుట చూచితిని. ఆ బేరము సైతము తుండుగుడ్డ క్రిందనే జరిగెను. అమ్మినవాడు పట్టణమున వకీలు, కొన్నవాడు కొల్లిపర దిక్కున మాగాణి రైతు, నడుమ నున్నవాడు నిన్న మొన్నటి దాక ఎద్దుల దళారి. ఆ దళారి కారు చుట్టు మూడు మారులు తిరిగి, ముందు టైరును కాలితో తన్ని, దాని గీతలపై బొటనవ్రేలు నడిపి, "పళ్లు ఇంకా అరగలా బాబాయ్, నాలుగేళ్లు అరక దున్నుద్ది" అనెను. అందరును నవ్విరి. రైతు మాత్రము నవ్వక, "మేత సంగతి చెప్పవయ్యా ముందు" అని యడిగెను.

ఆ ప్రశ్నలో మా ప్రాంతపు పాత కార్ల చరిత్ర సగము దాగియున్నదని నాకు చాల కాలమునకు గాని తోచలేదు. ఒంగోలు కోడెను పళ్లు చూచి, గిట్టలు చూచి, సుడులు లెక్కించి, నాలుగడుగులు నడిపించి కొనుటకు తరతరములుగా అలవాటుపడిన కృష్ణా పశ్చిమ డెల్టా రైతు, కొనుట ఒక యెత్తు, మేపుట ఒక యెత్తు అను నెరుకతోనే పెట్రోలు బండి యొద్దకును వచ్చెను. తవుడు, చిట్టు, ఉలవలు అన్న చోట పెట్రోలు, ఆయిలు, టైర్లు అని వ్రాసికొనెను, అంతియే. ఆ యెరుక గలవాడగుటచేతనే నిగనిగలాడు క్రొత్త కారును కొంత సంశయముతోను, నాలుగేండ్లు మరియొకరి చేతిలో నలిగియు నిలిచిన పాత కారును కొంత గౌరవముతోను చూచెను.

తెనాలి, బాపట్ల, రేపల్లె అను నీ మూడు పట్టణముల పొందికయే చిన్న కారునకు తగినది. బెజవాడ యొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు ఈ నేలను పంటభూమిగా మార్చెను. వానిలో మూడు తెనాలి నడుమ నుండియే పారుచుండుటచేత ఆ యూరికి ఆంధ్రా ప్యారిస్ అను ముద్దుపేరు వచ్చెను. తెనాలి నుండి రేపల్లెకు 1916లో రైలు వేసిరి. ఆ దారి రేపల్లెతో ఆగిపోవును, ఆవల కృష్ణానది తప్ప మరేమియు లేదు. బాపట్ల మద్రాసు పోవు పెద్ద రైలుదారిపై నున్నది, సూర్యలంక సముద్రము దానికి కూతవేటు దూరమని చెప్పుకొందురు గాని నడిచినవానికి అది అబద్ధమని తెలియును. ఈ మూడింటి నడుమ ఊళ్లు దట్టముగా నున్నవి, దూరములును తక్కువే. అయినను రైలు దిగి పోవలసిన పల్లె కాలువకు ఆవలి గట్టున నుండును, కాలువ కట్టలే బాటలు, బాటలన్నియు నల్లరేగడి, వాన కురిసినచో చక్రమును మింగెడి బంకమన్ను. అట్టి చోట బరువైన పెద్ద కారు వైభవమే గాని వాహనము కాదు. బురదలో దిగబడినప్పుడు నలుగురు కూలీలు "హైలెస్సా" యని ఒక్క పట్టున లేపగలిగినదే మా దృష్టిలో మంచి కారు. దీనిని ఏ కంపెనీవారును తమ కాగితములలో వ్రాసికొన్నట్లు లేదు.

మా పెద్దలు చెప్పుకొనెడి తొలినాటి చిన్న కార్లలో పెక్కింటికి మద్రాసులో ఒక పూర్వజన్మ యుండెడిది. ఇంగ్లండున 1922లో పుట్టి, 747 సీసీల చిన్న యింజనుతో సామాన్య గృహస్థునికి సైతము కారు నందించిన ఆస్టిన్ సెవెన్, మనవారి నోట బేబీ ఆస్టినై, మౌంటు రోడ్డు కొట్లలో దొరల చేతికి చేరి, దొర బదిలీయైన పిదప ఒక గుమాస్తా మధ్యవర్తిత్వమున ఏ వకీలునకో డాక్టరునకో దక్కెడిది. రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలునకు రేషను వచ్చినప్పుడు బస్సులు వెనుక కుంపటి తగిలించుకొని బొగ్గుపొగతో నడిచినవి. కార్లకు ఆ యోగమును లేక, టైర్లు విప్పించుకొని గొడ్లపాకలలో ఇటుకలపై కూర్చున్నవి. యుద్ధము ముగిసి దింపినప్పుడు ఒక కారు సీటులో పందికొక్కు పిల్లలను పెట్టుకొనియుండెనని మా మేనమామ చెప్పుచుండెను. ఆయన మాటలలో సగము తీసివేసినను పందికొక్కు మిగులును.

స్వాతంత్ర్యానంతరము కథ మారెను. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల మీద, ఇక్కడ తయారీకి పూనుకొనక విడిభాగములు బిగించి అమ్ముటతో సరిపెట్టుకొను విదేశీ కంపెనీలకు చోటు లేకపోయి, ఫోర్డు, జనరల్ మోటార్సు వెడలిపోయినవి. మిగిలిన కార్లు మూడు: ఉత్తర్‌పారా నుండి అంబాసిడర్, బొంబాయి కుర్లా నుండి ఫియట్, మద్రాసు దాపున పుట్టిన స్టాండర్డు. అంబాసిడర్ పెండ్లివారి కారు, మంత్రివర్యుల కారు. 1,489 సీసీల దాని యాకలి సంసారికి అందనిది. కనుక మా వైపున గృహస్థుల తగవంతయు రెండింటి నడుమనే: 1,089 సీసీల ఫియట్ 1100 యొకటి, 948 సీసీల స్టాండర్డ్ హెరాల్డు రెండవది. ఫియట్‌కు గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన నుండుటచేత ముందు బల్లసీటున ముగ్గురు కూర్చుండెడివారు, ఒడిలో పిల్లలు వేరు. హెరాల్డు 1961 మొదలు పదేండ్ల పాటు వచ్చినది. దాని బానెటు మడ్‌గార్డులతో సహా మొత్తము ముందుకు వాలుటచేత, మేస్త్రి ముందు చక్రముపై పీట మీద కూర్చున్నట్లు కూర్చుండి ఇంజనుకు సేవ చేసెడివాడు. పైగా అది మద్రాసు బిడ్డ. సామాను కావలెనని కబురంపినచో రాత్రి రైలులో వేసినది తెల్లవారునప్పటికి తెనాలి స్టేషనున దిగెడిది. బొంబాయి సామాను దారిలో నుండగానే మా హెరాల్డు యజమాని బాపట్ల పోయి వచ్చెడివాడు. బండి గట్టితనమును గూర్చి పట్నవాసులు ఇంజనును పొగడుచుండగా, మా మేస్త్రులు రైలు వేళలను పొగడిరి. వారి తీర్పే సబబని నా అభిప్రాయము.

ఆ లైసెన్సుల కాలమున ఒక విపరీతము జరిగెను. క్రొత్త ఫియట్ కావలెనన్నచో పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి ఎదురు చూడవలెను. అందుచేత చేతికందియున్న పాత బండి, దాని క్రొత్త ధరకన్న ఎక్కువకు పోయెడిది. లోకమున ఏ వస్తువైనను వాడినకొలది చౌకయగును. గిడ్డంగిలో పాతబడిన బియ్యమును, ఈ కార్లును మాత్రమే అందులకు అపవాదములు. బేరములకు ఋతువు కూడ నుండెడిది: సంక్రాంతికి ధాన్యము సొమ్ము, వేసవిలో మినుములు, దుగ్గిరాల యార్డున పసుపు అమ్ముడుపోయిన వారము. దళారులు ఆ తేదీలను పంచాంగముకన్న బాగుగా నెరుగుదురు.

దళారుల వాక్చాతుర్యమునకు మరియొక ఆలంబనము సినిమా. రావికంపాడు నుండి గుమ్మడి, బుర్రిపాలెము నుండి కృష్ణ, తెనాలి నుండి చక్రపాణి మద్రాసు చేరి పేరు గడించిన మీదట, తెనాలి చుట్టుప్రక్కల అమ్మకమునకు వచ్చిన ప్రతి హెరాల్డును ఏదో యొక తారామణి ఎక్కి దిగినదేయని ప్రతీతి. ఆ లెక్కన ఒక్కొక్క నటికి కనీసము నలుబది కార్లుండవలెను.

ఇక పరీక్ష. దీనిని నేను ఎన్ని మారులు చూచినను తనివి తీరలేదు. కొనదలచినవాడు తన మేస్త్రిని వెంటబెట్టుకొని వచ్చును; అమ్మువాడు మేస్త్రికి కాఫీ పోయును; మేస్త్రి కాఫీ త్రాగును గాని మొగమున ఏ భావమును కనబరచడు. మొట్టమొదట బానెటుపై అరచేయి మోపును. వెచ్చగా నున్నచో, "పొద్దున్నే ఎక్కడికన్నా పోయొచ్చారాండీ?" అని అతి వినయముగా నడుగును, చల్లని యింజను మొదటి తిప్పులో లేచునో లేదో దాచుటకై ముందే కాచియుంచినారేమోనని దాని తాత్పర్యము. ఆయిలు మూత విప్పి, దాని లోపలివైపును వెలుగునకు పట్టి చూచును. మీగడ వంటి తెల్లని నురుగు కనబడినచో హెడ్ గాస్కెట్టు పోయి నీరు ఆయిలులో కలియుచున్నదన్నమాట. తెల్లని జేబురుమాలును పొగగొట్టము నోటికి పట్టించి యాక్సిలేటరు తొక్కించును. నీలపు పొగ వచ్చి రుమాలుపై జిడ్డుచుక్కలు పడెనా, పిస్టను రింగులు అరిగినవి, బండి బోరుకు వచ్చినది. ఒక్కొక్క ప్లగ్గు విప్పి దాని ముక్కు రంగు చూచును: ఇటుకపొడి రంగు ఆరోగ్యము, కాటుక వంటి నలుపు అజీర్ణము. పిమ్మట పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై నానించి, పిడిని చెవికి ఆన్చుకొని, కన్నులు మూసికొనును. షెడ్డులో అప్పుడు ఎవ్వరును మాటలాడరు.

"గుండె ఎట్లా ఉందయ్యా?" అని రైతు గుసగుసగా నడుగును.

"గుండె బానే ఉంది బాబాయ్. వాల్వులు కొంచెం దగ్గుతున్నయ్. డెల్కో మార్చాలి. అయిదొందలు తగ్గించమను."

డెల్కో యనగా ప్లగ్గులకు వంతుల ప్రకారము నిప్పు పంచెడి డిస్ట్రిబ్యూటరు. ఏనాటి అమెరికా కంపెనీ పేరో మా షెడ్లలో సామాన్య నామమై స్థిరపడెను. దాని పాయింట్లను ఎమరీ కాగితముతో రుద్ది, సిగరెట్టు పెట్టె అట్టముక్క పట్టునంత సందు ఉంచి బిగించుట మేస్త్రి కుర్రవాడు నేర్చుకొను తొలి అక్షరము. ఈ విద్యకు బడి లేదు, సర్టిఫికెట్టు లేదు. ఆరేండ్లు పానాలు అందించినవాడు ఏడవ యేట వినుట మొదలుపెట్టును.

మేపుడు లెక్కకు వత్తము. ఫియట్ లీటరుకు పది పన్నెండు కిలోమీటర్లు పోయెడిది. 1973 అక్టోబరు యుద్ధము పిదప కొలది నెలలలో ముడిచమురు ధర నాలుగింతలైనప్పుడు, పశ్చిమాసియాలో ఎక్కడనో జరిగిన ఆ ఉపద్రవము వేమూరు బాటపై కంటికి కనబడెను: డ్రైవర్లు కాలువ వంతెన యెక్కి, దిగుడులో ఇంజను ఆపి, బండిని న్యూట్రలున జారనిచ్చెడివారు. బ్రేకులకు అది మంచిది కాదని చెప్పిన, "పెట్రోలుకి మంచిదండీ" అనెడివారు. కొందరు కిరసనాయిలు కలిపిరి. కలిపిన పాపము మూడవ నెలలో ప్లగ్గులమీద కనబడెడిది. పెట్రోలు ఇంజను దింపించి డీజిలు ఇంజను ఎక్కించుకొన్నవారును ఉండిరి గాని, ఆ బండి ప్రక్కన పోవుచున్నచో ధాన్యపు మర నడచుచున్నట్లుండెడిది. అయినను మేతలో పెట్రోలు వాటా అందరును ఎరిగినదే. ఎరుగనిది మరియొకటి: నెలకొకమారు కార్బొరేటరు కడుగుట, ఆరు నెలలకు క్లచ్చి సవరణ, వేసవిలో రేడియేటరు పొడి, వానలలో సెల్ఫ్ మోటారు, ఏడాదికి బ్రేకు షూలు. ఇవి ఒక్కొక్కటి కొద్ది సొమ్మే, కాని కొబ్బరిచెట్టునకు నీరు పోసినట్లు ఎడతెగనివి. అందుచేతనే జాగ్రత్తపరుడు కారుతోపాటు మేస్త్రితో సంబంధము కలుపుకొని, పండుగకు అతనికి బస్తా బియ్యమంపెడివాడు. చాకలికి, మంగలికి, పురోహితునికి ఉన్న ఏటి మేరవంటిదే ఇదియు.

బాపట్లకు ప్రత్యేకముగా ఒక శత్రువు కలదు, అది ఉప్పుగాలి. వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడిన యీ యూర ఉద్యోగస్థులు, అధ్యాపకులు ఒద్దికగా వాడిన కార్లు విరివిగా అమ్మకమునకు వచ్చెడివి; తిరిగినది తక్కువ, కాగితములు సక్రమము, సీటుపై తెల్లని గుడ్డ. తెనాలి దళారి మాత్రము బాపట్ల బండి యనగానే మోకాళ్లపై వంగి అడుగు భాగము చూచును. నేను చూడలేదు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక పాత బండి కొంటిని. అది ఏ కంపెనీదో, అమ్మినదెవరో చెప్పుట మర్యాద కాదు. రంగు తళతళలాడినది, ఇంజను వీణవలె పలికినది. మూడవ వారమున అప్పికట్ల దాటి వచ్చుచుండగా, క్లచ్చి తొక్కిన నా యెడమకాలికి చల్లగాలి తగిలి క్రిందికి చూచితిని: కాలి క్రింది రబ్బరు పట్టా ప్రక్కకు జరిగియుండెను, దాని చోట అరచేయి వెడల్పున తారురోడ్డు వెనుకకు పరుగెత్తుచుండెను. మేస్త్రి తరువాత గుడ్డలో చుట్టిన అయస్కాంతమును బండి చుట్టు జరుపుచు చూపించెను. ఇనుమున్న చోట అది అతుకుకొనును, లప్పము పూసి రంగు వేసిన చోట జారి పడును. తలుపుల క్రింద మూరెడు పొడవున జారి పడెను. టింకరు పనికి ఆ యేడు రెండు నెలల జీతము పోయినది. అటుపిమ్మట అయస్కాంతము లేనిదే నేను బేరమునకు పోలేదు. ఇతరుల బేరములకును తీసికొనిపోయి పలువురికి శత్రువునైతిని.

1983 డిసెంబరు 14వ తేదీన ఢిల్లీ చెంత గుర్గావ్‌లో ఇందిరాగాంధీ మొదటి మారుతి తాళముచెవిని కొనుగోలుదారునకు అందించినప్పుడు, దాని ధర 47,500 రూపాయలు. పదివేలు ముందుగా కట్టి వేచినవారు దేశమంతట లక్షకు పైబడి యుండిరి. మూడు సిలిండర్లు, 796 సీసీలు, ముందు చక్రములకే ఈడ్పు. మా మేస్త్రులు తొలుత దానిని ఎగతాళి చేసిరి: రేకు అప్పడమువలె నున్నదనిరి, సబ్బుపెట్టె యనిరి. లీటరుకు పదునారు పదునేడు కిలోమీటర్లు వచ్చునని విన్నప్పుడు నవ్వు తగ్గెను. ఏడాది గడచినను అది షెడ్డునకు రానప్పుడు పూర్తిగా ఆగెను. ఆ బండి మంచితనమే వారికి జీవనోపాధి సమస్యయైనది. ఒకటి రెండు చేతులు మారి, 1990ల నడుమ నుండి పాత మారుతి మాగాణి యూళ్లలోనికి దిగినప్పుడు మాత్రమే మేస్త్రులకు మరల పని దొరకెను; స్టీరింగు మొత్తము తిప్పి నెమ్మదిగా పోనిచ్చి, ముందు చక్రములలో టకటకమను చప్పుడు విని యాక్సిలు జాయింటు అరిగెనని చెప్పుట క్రొత్త చెవివిద్య యైనది. వంటగ్యాసు సిలిండరును డిక్కీలో దాచి నడిపిన చాటుమాటు కాలమొకటి నడచినది. 2000లో చట్టము మారి ఎల్పీజీకి అనుమతి వచ్చిన మీదట ఆ దొంగతనము కిట్టుల రూపమున దొరతనమైనది.

ఆ 2000 ప్రాంతముననే కార్బొరేటరు పోయి కంప్యూటరుతో ఇంధనము చిమ్మెడి పద్ధతి వచ్చెను. స్క్రూడ్రైవరు చెవికి ఆన్చుకొన్నను ఆ పెట్టె ఏమియు చెప్పదు. దానికి స్కానరు కావలెను, స్కానరుకు బెజవాడ పోవలెను. బండి చెడుట తగ్గినదనుట నిజము. చెడినప్పుడు మా యూర బాగుపడుట కూడ తగ్గినది.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయెను. అయినను రేపల్లె రైలు స్టేషను ముందట, చెరుకుపల్లి సెంటరున, ఏపీ 07 అను పాత జిల్లా నంబరుతో అవి నేటికిని కనబడుచున్నవి. 2019 మొదలు రాష్ట్రమంతటికి ఒకటే ఏపీ 39 వచ్చినందున, ఆ పాత అంకె యిప్పుడు బండి వయస్సును చాటెడి పంటివరుసయైనది. నేటి మేత లెక్క ఇట్లున్నది: తెనాలి నుండి బాపట్లకు పోయి వచ్చుటకు తొంబది కిలోమీటర్లు, లీటరుకు పదునారు చొప్పున అయిదున్నర లీటర్లకు పైచిలుకు, లీటరు నూట పది రూపాయల దరిదాపున ఆరువందల పైమాట. వెయ్యి సీసీలకు లోబడిన కారునకు థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుండి ఏటికి 2,094 రూపాయలు, పన్ను వేరు. 1988 మోటారు వాహనముల చట్టము క్రింద పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. దాని రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయలు కాస్త 5,000 అయినది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి సీ బుక్కు చేతపట్టుకొన్న రైతు ఆ అంకె వినినప్పుడు, బండి వెలకన్న దాని జాతకము వ్రాయించుటయే ఎక్కువైనదని యనుకొనక తప్పదు.

దీనిపై ఇథనాలు. నూటికి ఇరువది పాళ్లు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై రెండేండ్లలో బంకులన్నిట మామూలైనది. పాత రబ్బరు గొట్టములకు అది పడదు, గాలిలోని తేమను లాగికొనును, కాలువల నడుమ నున్న మా నేలలో తేమకు కరవు లేదు. ఇథనాలు లేని పెట్రోలుకై నిర్మించి, పది పాళ్లకు సవరించిన కార్లకు మైలేజి ఆరేడు శాతము తగ్గవచ్చునని 2021 నీతి ఆయోగ్ నివేదికయే చెప్పినది. ఆ ఇథనాలునకు ఇప్పుడు మొక్కజొన్న ముఖ్యమైన ముడిసరకు. వరి కోసిన పొలములో దున్నకయే మొక్కజొన్న నాటుట తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర రైతులకు అలవాటైన సేద్యము. కొల్లిపర రైతు మనుమడు తాను పండించిన పంట ధర పెరిగినదని సంతసించి, ఆ సంతసమున తన పాత కారునకు మేత వేయించి, మైలేజి తగ్గినదని విసుగుకొనుచున్నాడు. తాత యడిగిన ప్రశ్నయే: మేత సంగతి. ఎద్దుకును కారునకును ఒకే చేను మేపుట ఆయన యూహించియుండడు.

తెనాలిలో పాత ఇనుప కొట్లకు ఈమధ్య మరియొక తరగతి కొనుగోలుదారులు వచ్చుచున్నారు. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు, మోటారు వాహనముల తుక్కుతో, నట్లు, బోల్టులు, గొలుసులు, గేరు చక్రములు అతికి, 2021లో 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహమును నిలిపినప్పుడు తెనాలి తుక్కు బొమ్మలు వార్తలకెక్కినవి. మొన్న నేను ఒక కొట్టు ముందు నిలిచియుండగా, బొమ్మలు చేయు కుర్రవాడొకడు గుట్టలో నుండి ఒక చిన్న గేరు చక్రమును లాగి, నూనె మసి తుడిచి, అంచు చుట్టు బొటనవ్రేలు నడిపెను. కొట్టువాడు తూకపు రాయి తీయబోవుచు వెల చెప్పెను. కుర్రవాడు తల యడ్డముగా నూపెను.

"అదేంటన్నా, పళ్లు ఇంకా అరగలా చూడు" అనెను కొట్టువాడు.